పోయినవన్నీ నాసివేనా?

సాహిత్యచర్చల్లో తరచుగా వినబడే మాట ఒకటుంది. "కాలం పెద్ద జల్లెడ. మేలైనది నిలుస్తుంది, నాసిది రాలిపోతుంది." పండితసభల్లోనూ, బడిలో ఉపాధ్యాయుల గదిలోనూ, ఆఖరికి పెళ్ళిపందిళ్ళలోనూ ఈ మాట వింటూనే వచ్చాను. వినసొంపైన మాట. పైగా నిలిచినవారికి ఊరట, పోయినవారి పట్ల మనకు బాధ్యత లేకుండా చేసే సౌకర్యం రెండూ ఇందులో ఉన్నాయి. ఈ మాటను నిగ్గుతేల్చే సాధనం ఒకటి, నేను వెదకని చోట, శిలాజాల లెక్కల్లో దొరికింది. దాన్ని మీతో పంచుకోవాలని ఈ టపా. కాస్త పొడుగైంది, ఓపికతో చదవగలరు.

తెలుగు పండితుడికి ఈ గణితమెందుకని మిత్రులు నవ్వవచ్చు. ఛందస్సు చదువుకున్నవాడికి లెక్క పరాయిది కాదు. గురులఘువుల కూర్పులన్నింటినీ వరుసగా రాయడం ప్రస్తారం. ఆ పట్టికలో ఒక వరుస చెరిగిపోతే, దాని సంఖ్యను బట్టి రూపాన్ని తిరిగి రాబట్టే ప్రక్రియ ఉంది. దాని పేరు 'నష్టం'. సంఖ్య సరి అయితే లఘువు రాసి సగం చేయాలి. బేసి అయితే గురువు రాసి ఒకటి కలిపి సగం చేయాలి. మూడక్షరాల ప్రస్తారంలో ఆరో వరుస చెరిగిందనుకోండి. ఆరు సరి గనుక లఘువు. మిగిలిన మూడు బేసి గనుక గురువు. ఒకటి కలిపి సగం చేస్తే రెండు, సరి గనుక లఘువు. వచ్చినది జగణం. చెరిగినదాన్ని ఏడుస్తూ కూర్చోకుండా లెక్కతో రాబట్టవచ్చునన్న ధైర్యం మన లాక్షణికులు ఏనాడో ఇచ్చారు. అయితే ఛందస్సులో మొత్తం వరుసలెన్నో ముందే తెలుసు. ప్రకృతి రాసిన ప్రస్తారంలో అది తెలియదు. అక్కడ 'నష్టం' కట్టాలంటే సంభావ్యతను ఆశ్రయించవలసిందే.

మేముండే వైపు శిలాజాలు దొరకవు. మేడ్చల్ నుంచి శామీర్‌పేట చెరువు దాకా ఎటు చూసినా కనబడే గుండ్లు భూగర్భంలో కరిగి, మెల్లగా గడ్డకట్టిన రాయి. వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. ఆనాటికి సూక్ష్మజీవులే తప్ప ఎముకన్నది ఏ ప్రాణికీ లేదు. ఉన్నా కరిగిన రాతిలో ఎముక నిలవదు. ఆ గుట్టల నడుమనే నేడు జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలు జీవుల అక్షరమాలను చదువుతున్నాయి. గుట్టలు మాత్రం జీవుల గురించి ఒక్క మాటా పలకవు. ఆ మాట వినాలంటే పడమట వికారాబాద్ దిక్కుకో, ఈశాన్యాన గోదావరి లోయకో పోవాలి.

గోదావరి లోయ కథలో నన్ను ఆకర్షించినది ఎముకలకన్నా ముందు, వాటిని తవ్వినవారెవరన్నది. ప్రాణహిత, గోదావరి కలిసే ప్రాంతంలో రాక్షసబల్లులను వెలికితీసినది కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థ. మహలనోబిస్ 1931లో స్థాపించిన ఆ సంస్థకు లెక్కలు తప్ప ఎముకలతో పనేమిటి? కొలవదగినదేదైనా గణాంకశాస్త్రానికి పొలమేనన్నది ఆయన నమ్మకం. లండన్ నుంచి పమేలా రాబిన్సన్ అనే శిలాజశాస్త్రవేత్తను 1950ల చివర పిలిపించి, ఒక భూవిజ్ఞాన విభాగం పెట్టించాడు. 1961లో ఆ బృందానికి మనిషి నిలువంత తొడ ఎముక దొరికింది. అది రవీంద్రుని శతజయంతి సంవత్సరం. అందుచేత 1975లో ఆ జంతువుకు 'బారాపాసారస్ టాగోరై' అని పేరు పెట్టారు. పెద్ద కాలు బల్లి, ఠాకూరుగారి పేర. మరికొన్నేళ్ళకు అదే లోయలో యామనపల్లి దగ్గర భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థవారు మరో జంతువును తవ్వితీశారు. 1988లో యాదగిరిగారు దానికి 'కోటాసారస్ యామనపల్లియెన్సిస్' అని నామకరణం చేశారు. ఒక తెలుగు పల్లె పేరు ప్రపంచ శాస్త్రగ్రంథాల్లోకి అలా ఎక్కింది. దాని అస్థిపంజరాన్ని హైదరాబాదులో బిర్లా విజ్ఞాన మ్యూజియంలో నిలబెట్టారు. చూడనివారు తప్పక చూడవలసినది.

ఆ రెండింటిలోనూ ఒక లోటు సమానం. బారాపాసారస్ ఎముకలు సుమారు 300, కనీసం ఆరు జంతువులవి. కోటాసారస్ ఎముకలు సుమారు 840, కనీసం పన్నెండు జంతువులవి. అన్ని ఎముకల్లోనూ కొన్ని పళ్ళే గాని, పుర్రె ఒక్కటీ లేదు! పన్నెండు జంతువులకూ తలలు ఉండితీరాలి గదా. దొరకనిది లేనిది కాదనడానికి ఇంతకన్నా సాక్ష్యమేమి కావాలి? శిలాజాల గ్రంథం ఇలా పుటలు చిరిగిన గ్రంథం. వికారాబాద్ దగ్గరి నస్కల్‌లో లావాపొరల నడుమనున్న మట్టిని జల్లించి, జల్లించి, ఆవగింజంత పళ్ళు ఏరి, రాక్షసబల్లుల కాలపు ఒక చిన్న క్షీరదాన్ని జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని 1988లో లోకానికి పరిచయం చేశారు. 'డెక్కనోలెస్టిస్' దాని పేరు. మొత్తం జంతువు పోయి దంతం మిగిలింది. మన కవులు కొందరు అంతే గదా, కావ్యం పోయి పద్యం మిగిలింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఇక అసలు లెక్క. జాతులు ఎలా పెరుగుతాయి, ఎలా అంతరిస్తాయి అన్నదాన్ని గణితంలోకి తెచ్చే పద్ధతికి మూలం చాలా సరళమైనది. ఒక్కొక్క జాతికి, ఒక్కొక్క కాలఖండంలో, రెండుగా చీలే అవకాశం ఇంత, అంతరించే అవకాశం ఇంత అని అనుకుంటారు. 1925లో యూల్ అనే ఆంగ్ల గణాంకవేత్త చీలే అవకాశంతో మొదటి నమూనా కట్టాడు. సింహళంలో పెరదెనియ వృక్షోద్యానాన్ని ఏలిన విల్లిస్ అనే వృక్షశాస్త్రవేత్త నిర్ణయాలు దానికి ఆధారం. తర్వాతివారు అంతరించే అవకాశాన్నీ కలిపారు. పుట్టుక, చావు: ఈ రెండే పాత్రలతో నడిచే నాటకమిది.

దీన్ని తేలికగా అర్థం చేసుకోవడానికి జాతులకు బదులు మన ఇంటిపేర్లు తీసుకుందాం. ఇది నా చమత్కారం కాదు, శాస్త్రంలో ఈ లెక్క పుట్టిందే ఇంటిపేర్ల దగ్గర. ఇంగ్లండులో పేరుమోసిన కుటుంబాల పేర్లు అంతరించిపోతుంటే, సుఖాలు, మేధస్సు పెరిగినకొద్దీ సంతానశక్తి తగ్గుతుందని పెద్దలు కారణం చెప్పేవారు. గాల్టన్ మాత్రం, కారణం వెతికే ముందు, ఉత్త యాదృచ్ఛికం వల్ల ఎన్ని పేర్లు పోతాయో లెక్క తేల్చాలన్నాడు. 1874లో వాట్సన్‌తో కలిసి ఆ లెక్క ప్రకటించాడు. ఫ్రాన్సులో బియనేమె 1845లోనే ఈ సంగతి కనిపెట్టాడు.

ఒక ఊళ్ళో నూరుగురు మగవాళ్ళు, నూరు ఇంటిపేర్లు అనుకోండి. ఒక్కొక్కడూ రెండు నాణేలు ఎగరవేస్తాడు. ఎన్ని బొమ్మలు పడితే అంతమంది కొడుకులు. రెండూ బొరుసులైతే ఆ పేరు అక్కడితో ఆఖరు. కూతుళ్ళు ఎందరున్నా ఈ లెక్కకు అందరు, ఇంటిపేరు నడిచే తీరు అటువంటిది మరి. సగటున మనిషికి ఒక్క కొడుకు, కాబట్టి ఊరి జనాభా పెరగదు, తరగదు. ఎవరి నాణెమూ మోసపు నాణెం కాదు. ఎవరి వంశమూ ఇంకొకరి వంశంకన్నా గొప్పది కాదు, తక్కువది కాదు. అయినా ఏమవుతుంది? మొదటి తరానికే సుమారు 25 పేర్లు పోతాయి. రెండో తరానికి పోయినవి 39. మూడో తరానికి 48. నాలుగో తరానికి 55. పదో తరానికి 74. ఊళ్ళో మగవాళ్ళు ఇంచుమించు నూరుగురే ఉంటారు, కాని వారి మధ్య ఇంటిపేర్లు 26 మాత్రమే. అంటే మిగిలిన పేరు ఒక్కొక్కదానికి సగటున నలుగురు.

ఇప్పుడు పదో తరంలో ఆ ఊరికి ఒక చరిత్రకారుడు వచ్చాడనుకోండి. ఏం రాస్తాడు? "ఈ 26 వంశాలు పరాక్రమం చేతనో, పుణ్యం చేతనో వర్ధిల్లాయి, తక్కిన 74 బలహీనమై నశించాయి" అని రాస్తాడు. కారణాలు కూడా కనిపెడతాడు, కారణాలకేం కరువు? నాణేలు ఎగరవేసిన సంగతి మాత్రం ఆయనకు తోచదు. ఆదివారం సెలవునాడు పిల్లలను కూర్చోబెట్టి రెండు రూపాయి బిళ్ళలతో ఈ ఆట ఆడించి చూడండి. కాలపు జల్లెడ మీది నమ్మకం అరగంటలో సడలుతుంది.

1973లో డేవిడ్ రౌప్, స్టీఫెన్ జే గూల్డ్, షాఫ్, సింబర్లాఫ్ అనే నలుగురు ఈ ఆటనే కంప్యూటరుతో ఆడారు. పుట్టే అవకాశం, పోయే అవకాశం అన్ని వంశాలకూ సమానంగా పెట్టి వదిలేశారు. తెర మీద వంశవృక్షాలు పెరిగాయి. కొన్ని విరగకాచి, కొన్ని మోడువారి, కొన్ని చాలాకాలం సన్నగా సాగి, అచ్చంగా శిలాజగ్రంథాల్లో బొమ్మల్లాగే కనిపించాయి. నిజమైన శిలాజాల్లో అటువంటి ఎగుడుదిగుళ్ళు చూసి ఎన్నో కథలల్లిన శాస్త్రజ్ఞులకు అది కనువిప్పు. 1991లో రౌప్ ఒక చిన్న పుస్తకం రాస్తూ పేరులోనే ప్రశ్న పెట్టాడు: అంతరించడానికి కారణం చెడ్డ జన్యువులా, చెడ్డ అదృష్టమా?

మేలైనదైతే నిలుస్తుంది గదా అనేవారికి హాల్డేన్ 1927లో ఇచ్చిన లెక్క ఒకటుంది. ఒక జీవిలో కొత్త మార్పు పుట్టింది. అది ఉన్న జీవికి నూటికి ఒక పాలు ఎక్కువ సంతానం కలుగుతుంది. అంటే నిస్సందేహంగా మేలైన మార్పు. అది వ్యాపించి నిలిచే అవకాశం ఎంత? నూటికి సుమారు రెండు మాత్రమే. మిగతా 98 సార్లు అది తొలి తరాల్లోనే, ఎవరికీ తెలియకుండా, మాయమవుతుంది. మంచిదే, అయినా పోతుంది. మొదట్లో ఒక్కటే ఉండడం దాని నేరం. ఈ హాల్డేనే 1957లో ఇంగ్లండు వదిలి మన దేశానికి వచ్చి, పైన చెప్పిన గణాంక సంస్థలోనే కొంతకాలం పనిచేసి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు.

అలాగని సర్వం అదృష్టమేనని గణితం అనదు. ఇక్కడ జాగ్రత్త అవసరం. నాణేలాటలో పేర్లు ఒకటొకటిగా, వేర్వేరు తరాల్లో పోతాయి. ఒకే తరంలో తొంభై పోతే అది నాణేల పని కాదు, ఊరికి మహమ్మారి వచ్చిందని అర్థం. రౌప్, సెప్కోస్కీ కలిసి సముద్రజీవుల శిలాజాల పట్టీలను క్రోడీకరించి, 1982లో అటువంటి మహావినాశాలు ఐదు ఉన్నాయని చూపించారు. సుమారు 25 కోట్ల ఏళ్ళ నాటి వినాశం అన్నింటిలో ఘోరం. అప్పుడు సముద్రజాతుల్లో నూటికి ఎనభై నుంచి తొంభైకి పైదాకా పోయినట్టు వేర్వేరు అంచనాలు. సెప్కోస్కీ గ్రంథాలయాలు తిరుగుతూ ఏళ్ళ తరబడి ఏది ఎప్పుడు మొదట కనబడింది, ఎప్పుడు చివర కనబడింది అని పట్టీ రాసుకున్నాడు. నిఘంటుకర్తల ఓపిక తెలిసినవారికి ఆ శ్రమ విలువ చెప్పనక్కరలేదు. అంచేత గణితం మనకు నేర్పే క్రమం ఇది: ముందు అదృష్టం ఒక్కటే ఎంత చేయగలదో కొలువు, కొలతకు మించినదానికే కారణం వెదుకు, అప్పుడే నింద మోపు.

'చివర కనబడింది' అన్న మాటలో మరో చిక్కు ఉంది. దీన్ని బడి హాజరుపట్టీతో చెబుతాను. ఒక బడిని ఏప్రిల్ 23న హఠాత్తుగా మూసేశారనుకోండి. రోజూ వచ్చే పిల్లవాడి చివరి హాజరు 23నే ఉంటుంది. వారానికి ఒకసారి వచ్చేవాడి చివరి హాజరు 17నో 18నో ఉంటుంది. నెలకోసారి వచ్చేవాడిది మార్చి చివరలో. వందేళ్ళ తర్వాత ఆ పట్టీ ఒక్కటే దొరికినవాడు, పిల్లలు ఒక్కొక్కరే మెల్లగా బడి మానేశారని అనుకుంటాడు. నిజానికి అందరికీ బడి ఒక్కనాడే మూతబడింది. సిగ్నార్, లిప్స్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1982లో ఈ సంగతిని శిలాజాలకు అన్వయించి చూపారు. అరుదుగా దొరికే జాతుల చివరి శిలాజం, వాటి చావుకన్నా ఎంతో ముందుది అయి ఉంటుంది. కాబట్టి మెల్లగా పోయినట్టు కనిపించడం వేరు, మెల్లగా పోవడం వేరు.

ఇది ఉత్త తర్కం కాదు, మన నేల మీది వివాదం. 6.6 కోట్ల ఏళ్ళ క్రితం రాక్షసబల్లులు పోయినప్పుడు మెక్సికోలో ఉల్క పడింది. ఇంచుమించు అదే కాలంలో దక్కను పీఠభూమి మీద లావా వరదలై పారింది. ఆ లావా పొరలే వికారాబాద్ నల్లరేగడి అడుగున ఉన్నవి. పడమటి కనుమల వైపు పుట్టిన ప్రవాహాలు కొన్ని సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి రాజమండ్రి దాకా వచ్చాయి. రాజమండ్రి దగ్గర లావాపొరల నడుమ చిక్కిన సముద్రపు అవక్షేపాల్లో సూక్ష్మజీవుల గవ్వలను పరిశీలించి, గెర్టా కెల్లర్ బృందం 2008లో, ప్రధానమైన లావా ఘట్టం ఆ మహావినాశం దాపున ముగిసిందని ప్రకటించింది. ఉల్కదా నేరం, లావాదా, రెండింటిదా అన్న వాదం శాస్త్రజ్ఞుల్లో సాగుతూనే ఉంది. ఉల్కవైపే మొగ్గు ఎక్కువ. ఆ వాదంలో ప్రతి సాక్ష్యాన్నీ పై హాజరుపట్టీ పరీక్షకు నిలిపి చూడవలసి వస్తుంది.

బతికి ఉన్నదాన్ని చచ్చిందనుకునే ప్రమాదం కూడా ఇదే లెక్కలోది. కడప జిల్లా పొదల్లో తిరిగే కలివికోడిని బ్లైత్ 1848లో వర్ణించాడు. 1900 తర్వాత శాస్త్రజ్ఞులకు అది కనబడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986లో లంకమల ప్రాంతంలో స్థానికుల సాయంతో మళ్ళీ దొరికింది. ఎనభై ఆరేళ్ళపాటు శాస్త్రగ్రంథాల్లో లేని పక్షికి, ఆ ఊళ్ళవాళ్ళ నోట మాత్రం పేరుంది.

సాహిత్యానికి వస్తాను. పెదపాటి జగన్నాథకవి పూర్వకావ్యాల నుంచి పద్యాలు ఏరి 'ప్రబంధరత్నాకరం' సంకలనం చేశాడు. అందులోని కావ్యాలు ఎన్నో తర్వాత కాలగర్భంలో కలిసిపోయాయి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు అటువంటి అలభ్య కావ్యాల పద్యాలను ఏర్చి కూర్చి 1918లో 'ప్రబంధరత్నావళి' ప్రకటించారు. నా దృష్టిలో అది నస్కల్ మట్టి జల్లించడంతో సమానమైన పని. కావ్యశరీరం లేదు, దంతమంత పద్యం ఉంది. నన్నెచోడుని కుమారసంభవమైతే కలివికోడి వంటిది. పండితలోకం మరిచిపోయిన ఆ కావ్యాన్ని మానవల్లి రామకృష్ణకవిగారు తాళపత్రాల్లో కనిపెట్టి 1909లో అచ్చువేశారు. ఆ ఒక్క ప్రతికి చెద పట్టి ఉంటే, కాలపు జల్లెడ సిద్ధాంతం ప్రకారం నన్నెచోడుడు నాసి కవి అయిపోయేవాడు! అచ్చులో ఉన్న కుమారసంభవం చదివినవారెవరూ ఆ మాట అనలేరు. తాటాకు ఆయుష్షు కవిత్వం మంచిచెడ్డలను బట్టి ఉండదు. ప్రతి రాసినవారు ఎందరు, ఆ ఇంటి చూరు కారిందా లేదా, వారసుడికి చదువొచ్చిందా లేదా అన్నవాటిని బట్టి ఉంటుంది.

పోయినవి ఎన్ని ఉంటాయో అంచనా కట్టే మార్గం ఉందా? ఉంది. కార్బెట్ అనే ఆయన మలయాలో రెండేళ్ళు సీతాకోకచిలుకలు పట్టాడు. ఒక్కొక్కటే దొరికిన జాతులు 118. రెండేసి దొరికినవి 74. మూడేసి దొరికినవి 44. ఇంకో రెండేళ్ళు పడితే కొత్త జాతులు ఎన్ని దొరుకుతాయని రొనాల్డ్ ఫిషర్‌ను అడిగాడు. లెక్క తేల్చిన జవాబు సుమారు 75. ఈ పరిశోధన 1943లో వెలువడింది. ఇందులో కీలకం ఏమిటంటే, ఒక్కసారే కనబడినవి చాలా ఉంటే, ఒక్కసారి కూడా కనబడనివి కూడా చాలా ఉంటాయి. 2022లో ఐరోపా పరిశోధకులు కొందరు ఈ పద్ధతినే మధ్యయుగపు వీరగాథలకు అన్వయించారు. ఆరు భాషల గాథల రాతప్రతుల్లో నూటికి తొంభై పోయాయనీ, గాథల్లోనే నూటికి 32 పూర్తిగా మాయమయ్యాయనీ అంచనా కట్టారు. మన లక్షణగ్రంథాల్లో, సంకలనాల్లో ఉదాహరించిన అలభ్య కావ్యాలకు ఇటువంటి లెక్క ఎవరైనా కడితే ఎంత బాగుంటుంది! ఒక్క గ్రంథంలోనే పేరు కనబడే కావ్యాలెన్ని, రెండింట కనబడేవెన్ని అన్న పట్టీ ఉంటే చాలు. గణితం తెలిసిన యువమిత్రులు, సంకలనాలు చదివే పెద్దలు చేతులు కలపవలసిన పని ఇది.

ఉన్నవాటిని మాత్రమే చూసి పోయినవాటి చరిత్ర రాయవచ్చుగా అనవచ్చు. కుదరదు. నేడు బతికి ఉన్న జాతుల వంశవృక్షం ఒక్కదాన్నే పట్టుకుంటే, దానికి సరిపోయే గతచరిత్రలు లెక్కలేనన్ని ఉంటాయనీ, వాటిలో ఏది నిజమో ఆ వృక్షం చెప్పలేదనీ లూకా, పెన్నెల్ 2020లో గణితంతో నిరూపించారు. విజేతలను ఎంతసేపు ప్రశ్నించినా ఓడినవారి సంగతి తెలియదన్నమాట. పళ్ళ ముక్కో, పద్యం ముక్కో, పోయినవారిది ఏదో ఒకటి చేతికి రావాలి. అందుకే నేటి శిలాజగణితంలో పుట్టుక, చావులతో పాటు, చిక్కే అవకాశం అన్న మూడో పాత్రను కూడా కలిపి లెక్కిస్తున్నారు.

మన సి.ఆర్. రావుగారి పేరు ఇక్కడ చెప్పకపోతే లోపం. హడగళిలో 1920లో ఒక తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివి, ఆ కలకత్తా గణాంక సంస్థలోనే చేరి, కేంబ్రిడ్జిలో ఆ ఫిషర్ దగ్గరే పరిశోధన చేసిన మహానుభావుడాయన. 102 ఏళ్ళు జీవించి 2023లో కన్నుమూశారు. 1982లో ఆయన వైవిధ్యానికి ఒక కొలత ఇచ్చారు. ఒక గుంపులోంచి గుడ్డిగా రెండింటిని తీస్తే, అవి ఒకదానికొకటి సగటున ఎంత దూరమో, అదే ఆ గుంపు వైవిధ్యం. చెరువులో పది జాతులున్నా అన్నీ ఒక తీరు చేపలే అయితే వైవిధ్యం కొంచెమే. చేప, ఎండ్రకాయ, తూనీగ మూడే ఉన్నా ఎక్కువ. ఎన్ని ఉన్నాయన్నది ఒక లెక్క, ఎంత భిన్నంగా ఉన్నాయన్నది మరో లెక్క. పోయినది ఒక్కటే అయినా, దాని వంటిది ఇంకొకటి లేకపోతే నష్టం పెద్దది. నేడు జీవశాస్త్రజ్ఞులు అడవులనూ చెరువులనూ కొలవడానికి ఈ కొలత వాడుతున్నారు.

ఇదంతా ఒక పదవీవిరమణ చేసిన బడిపంతులును ఎందుకింత పట్టుకుందని అడిగితే, నా జవాబు ఇది. మేడ్చల్, శామీర్‌పేట పల్లెల పిల్లలకు చాలా ఏళ్ళు పాఠాలు చెప్పాను. ఆరో తరగతి పట్టీలో ఉన్న పేర్లన్నీ పదో తరగతి పట్టీలో ఉండేవి కావు. పేరు మీద ఎర్రసిరా గీత పడేది. ఆ గీత పడగానే ఉపాధ్యాయుల గదిలో వినబడే మాట: "వాడికి చదువు అబ్బలేదు." అదీ జల్లెడ సిద్ధాంతమే. ఒక పిల్లవాడు నాకు బాగా గుర్తు. ఎత్తుగీతి గణవిభజన నల్లబల్ల మీద నాకన్నా త్వరగా చేసేవాడు. తండ్రి రాళ్ళు కొట్టే క్వారీలో కూలి. తండ్రి కాలు విరిగిన నెలలోనే పిల్లవాడు బడి మానేశాడు. అదే ఏడు, అదే తరగతిలో, తండ్రికి పెద్ద జబ్బు చేసిన మరో పిల్లవాడు బడికి వస్తూనే ఉన్నాడు. వాళ్ళకు పొలముంది, పాడి ఉంది.

జూదగాడి పతనమని గణితంలో ఒక లెక్క ఉంది. మోసం లేని ఆట. గెలిస్తే రూపాయి వస్తుంది, ఓడితే రూపాయి పోతుంది. ఇరవై రూపాయలు చేరేదాకానో, చేతిలో ఏమీ లేకుండా పోయేదాకానో ఆడాలి. పది రూపాయలతో మొదలెట్టినవాడు దివాలా తీసే అవకాశం సగానికి సగం. ఒక్క రూపాయితో మొదలెట్టినవాడికి ఇరవైకి పంతొమ్మిది. ఇద్దరి నేర్పూ ఒకటే, ఆటా ఒకటే. తేడా మొదట్లో చేతిలో ఉన్నదే. చిన్న గుంపుగా ఉన్న జాతులు ఎందుకు త్వరగా పోతాయో వివరించడానికి రౌప్ ఈ లెక్కనే వాడాడు. నేను మాత్రం దాన్ని చదువుతున్నంతసేపూ నల్లబల్ల దగ్గర నిలబడిన పిల్లవాణ్ణే చూశాను. వాడికి చదువు అబ్బలేదన్న మాటను, గణితసాక్షిగా, నేను ఒప్పుకోను. ఒక్క రూపాయితో ఆట మొదలెట్టినవాడు వాడు.

భూమి మీద ఇంతవరకూ పుట్టిన జాతుల్లో నూటికి 99కి పైగా అంతరించాయని శాస్త్రజ్ఞుల అంచనా. కోట్ల ఏళ్ళు ఏలిన రాక్షసబల్లులను నాసి అనడానికి, నిన్నగాక మొన్న వచ్చిన మనకు అర్హత లేదు. అవి పోయాయి గనుకనే డెక్కనోలెస్టిస్ వంటి ఎలుకంత ప్రాణుల కాలపు క్షీరదాలకు చోటు దొరికింది, ఆ వరుసలో మనం వచ్చాం. మనం నిలవడం కూడా కొంత నాణేల పుణ్యమే.

పోయినవాటికి మనం చేయగలిగినది రెండు పనులు. మొదటిది, కారణం తెలిసేదాకా నింద వేయకపోవడం. రెండోది, పట్టీ రాయడం. సెప్కోస్కీ చేసింది అదే, వేటూరివారు చేసింది అదే. అందుచేత చదువరులకు నా మనవి: మీ మీ ఊళ్ళలో ఒకప్పుడు ఉండి ఇప్పుడు వినబడని ఇంటిపేర్లు, చేపల పేర్లు, వరివంగడాల పేర్లు, పిట్టల పేర్లు తెలిస్తే, ఊరి పేరుతో సహా వ్యాఖ్యల్లో రాయండి. ఒక్కరికే తెలిసిన మాటైతే మరీ తప్పక రాయండి. పైన చూశాం గదా, ఒక్కసారే కనబడినవాటి సంఖ్యలోంచే అసలు కనబడనివాటి లెక్క తేలుతుంది.